పోయిండంటే ఔటనుకుంది

భుజంగరావు చనిపోయాడని నేను చెప్పగానే సంధ్యారాణి చప్పట్లు కొట్టింది.

మామూలుగా కొట్టలేదు. దారం కండెలు చుట్టే మిషన్ ఆపి మరీ, రెండు చేతులూ తలపైకెత్తి కొట్టింది. తర్వాత చూపుడు వేలు పైకి లేపి పక్కనున్న ఆడవాళ్లకు చూపించింది. వాళ్లు సాంచాల మీద నేస్తున్న మగవాళ్లకు చూపించారు. అర నిమిషంలో కార్ఖానాలో ముప్పై మంది పళ్లికిలిస్తున్నారు. నా పక్కన పనిచేసే అంబదాస్ అయితే రెండు సాంచాల మధ్య సందులో డాన్స్ మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంత పెద్ద మనిషి ఇక లేడని చెబితే చేసేది ఇదా?

తప్పెవరిదో తేల్చాలంటే ముందు మా కార్ఖానా సంగతి చెప్పాలి. సూరత్‌లో బమ్రోలి. ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో నలభై ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు. అవన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని లోపల మేమెవ్వరం గొంతు వాడం. ఉత్తినే పెదవులు కదిలిస్తాం, అవతలివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. పెళ్లి ముచ్చట్లు, బూతులు, సేఠ్ మీద చాడీలు, అన్నీ అలాగే. కొత్తగా వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి వీళ్లకేమైనా పిచ్చా అనుకుంటారు. నెల తిరిగేసరికి వాళ్లదీ అదే భాష.

ఆ షెడ్డుకి నేను రేడియోని. నా పేరు ఉమాకాంత్ అని సగం మందికి తెలియదు. చొక్కా జేబులో చిన్న ట్రాన్సిస్టర్, కుడి చెవిలో ఇయర్‌ఫోన్. మ్యాచ్ ఉన్న రోజు నా చెవిలో పడిన మాట నా పెదవుల మీదికి వచ్చేది, అక్కడి నుంచి మూతి మూతికీ మారి షెడ్డంతా తిరిగేది. వికెట్ పడితే మాకు ఒకటే మాట: "పోయిండు".

ఆ మాట కూడా భుజంగరావు చలవే. ఆయన తెలుగాయన. ఒకప్పుడు సూరత్ స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పేవాడు. తర్వాత రేడియోలో హిందీ కామెంటేటర్ అయి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఎంత చక్కటి హిందీలో చెబుతున్నా వికెట్ పడగానే నోరు జారి "పోయాడు!" అనేవాడు. అర్థం తెలియని గుజరాతీ కుర్రకారు కూడా గల్లీ క్రికెట్లో ఇటుకలకు బంతి తగిలితే "పోయాడు" అని అరిచేవాళ్లు. అది విన్నప్పుడల్లా మేముండే డిండోలి బస్తీ తెలుగువాళ్ల ఛాతీ రెండంగుళాలు పెరిగేది. మేం దాన్ని మా నోటికి తగ్గట్టు "పోయిండు" చేసుకున్నాం.

ఇక నా సంగతి. అప్పటికిది చెవుల డాక్టర్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పదేళ్లు సాంచాల మధ్య నిలబడ్డాక నా ఎడమ చెవి పోయింది. కుడిది పోతూ ఉంది. "మహా అయితే రెండేళ్లు" అన్నాడు డాక్టర్. మనుషుల మాటలు నాకు నీళ్లలోంచి వచ్చినట్టు గుడగుడమనేవి. ఒక్క భుజంగరావు గొంతు మాత్రం ఏ మాటకామాట విడిగా వినపడేది. రైళ్ల పేర్లు చెప్పి చెప్పి ప్రతి అక్షరాన్నీ నొక్కి పలకడం ఆయనకు అలవాటైంది. లోకంలో నాకు మిగిలిన గొంతు అదొక్కటే. అది ఉన్నంత కాలం నేను రేడియోని. అది లేకపోతే చెవిటి ఉమాకాంత్‌ని. చెవిటి ఉమాకాంత్ వైపు సంధ్యారాణి ఎందుకు చూస్తుంది?

నా భయమంతా అదే.

సంధ్యారాణి ఆ యేడు వానాకాలంలో వాళ్లమ్మ స్వరాజ్యంతో కలిసి కండెలు చుట్టే పనికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే నన్ను కన్నార్పకుండా చూసింది. ఇంకేం, నేను జుట్టు సవరించుకున్నాను.

"ఏం జూస్తున్నవ్?" అన్నాను పెదవులతో.

"నీ మూతి."

"గంత మంచిగున్నదా?"

"మంచిగ లేకున్నా చూడాలె గద. మ్యాచంత గా మూతి మీదనే నడుస్తున్నది."

చుట్టూ ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి స్కోరు ముందు ఆమెకే చెప్పేవాణ్ని. నేనెంత వేగంగా చెప్పినా ఇట్టే పట్టేసేది.

"నీకెట్ల గింత మంచిగొచ్చె?" అని అడిగాను ఒకసారి.

"ఇంట్ల నేర్సుకున్న" అంది. అంతకు మించి చెప్పలేదు.

మ్యాచ్ లేని రోజుల్లో కూడా మా ముచ్చట్లు ఆగేవి కావు. సినిమాలు, చుట్టాలు, మధ్యాహ్నం తెచ్చుకున్న కూర. వాళ్లమ్మను నేను మొదటి వారంలోనే "అత్తా" అన్నానని అంబదాస్ నన్ను వానాకాలమంతా ఏడిపించాడు.

కానీ ఇదంతా షెడ్డు లోపల. గేటు దాటితే మనుషులు గొంతుతో మాట్లాడతారు. పక్కకు చూస్తూ, నడుస్తూ, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. ఒకరోజు సాయంత్రం జోరువానలో ఆమె నా గొడుగు కిందికి దూరింది. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉంది. ఆమె భుజం నా చేతికి తగులుతుంటే నాకు లోకం కనిపించలేదు, మాటలు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి నా ముందుకు వచ్చి నిలబడి జవాబు కోసం చూసింది.

"వాన సప్పుడుకు ఇనవడలే" అన్నాను.

"వాన ఎప్పుడో తగ్గింది, సారూ" అంది.

నిజమే. రోడ్డు మీద గొడుగు మూయనిది నేనొక్కణ్నే.

అప్పటి నుంచి బయట ఆమె కనిపిస్తే సందులు పట్టుకుని పారిపోయేవాణ్ని. లోపల అన్నన్ని ముచ్చట్లు చెప్పి బయట ఎరగనట్టు పోతున్నానని ఆమె మూతి ముడుచుకునేది. నేను గదికి పోయి గోడకు తల ఆనించి కూర్చునేవాణ్ని. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ప్రేమించిన పిల్ల గొంతు తెలియని మొగాడు ఎక్కడైనా ఉంటాడా?

శీతాకాలం వచ్చింది. టెస్ట్ మ్యాచ్ మూడో రోజు, గురువారం. పొద్దున ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరిదో కొత్త గొంతు, వేడి పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు. ఎంత విన్నా ఏమీ తెలియలేదు. ఇయర్‌ఫోన్‌ను చెవి నొప్పి పుట్టేదాకా నొక్కిపెట్టాను. "భుజంగరావు" అని వచ్చింది. కాసేపటికి "నహీ రహే", అంటే ఇక లేరు, అని వచ్చింది. మళ్లీ "భుజంగరావు", మళ్లీ "నహీ రహే". హోటల్ గదిలో తెల్లవారేసరికి గుండె ఆగిపోయిందని తర్వాత పేపర్లో చదివాను.

నా చేతిలో దారం తెగిపోయింది. సంధ్యారాణి ఎదుటి నుంచి "ఎంత?" అని అడుగుతోంది. చెప్పాను. అప్పుడు ఆమె చప్పట్లు కొట్టింది.

పన్నెండింటికి చాయ్ సెలవు ఇవ్వగానే గేటు బయట ఆమెకు అడ్డం పోయాను. ఆగయ్య తాత చాయ్ బండి దగ్గర నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది నాకు.

"మనిషి సస్తే చప్పట్లు కొడతవా? జరంత సిగ్గుండాలె!"

ఆమె ముఖం పాలిపోయింది. "ఎవలు సచ్చిండ్రు?"

"భుజంగరావు పోయిండని చెప్పలేదా నీకు?"

"భుజంగరావా?" ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని, షెడ్డు అలవాటు కొద్దీ వెంటనే తీసేసింది. "నువ్వు భుజంగరావు అన్నప్పుడు మొకం గోడ దిక్కు తిప్పినవ్. మల్ల ఇటు తిరిగి పోయిండు అన్నవ్. నాకు గదొక్కటే కనవడ్డది. వాళ్ల బ్యాట్స్‌మన్ ఔటయిండేమో అనుకున్న."

నేను గోడవైపు తిరిగింది కళ్లు తుడుచుకోవడానికి. ఆ మాట చెప్పడానికి నాకు మగతనం అడ్డొచ్చింది.

"అనుకుంటవ్. నీకు ఆట కావాలె గని మనిషితోని ఏం పని?"

"నాకు ఆటతోని గూడ పని లేదు!" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడుపొస్తే ఎదురుంగ ఏడువు. మొకం దాసుకుంటే మాకెట్ల ఎర్కయితది? మాకున్న రేడియో నీ మొకమే గద."

"అయితే ఇగ చూడకు. ఈ రేడియో బంద్ అయ్యింది."

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆటతో పని లేదంటే మరి ఇన్నాళ్లూ నా మూతి ఎందుకు చూసిందని అడగడానికి నా బుర్ర పని చేయలేదు. కోపంలో ఉన్నవాడికి బుర్ర ఉంటే ఇన్ని కథలు ఎందుకుంటాయి?

శుక్రవారం ఇంకా ఘోరం. షెడ్డు మొత్తం స్కోరు కోసం నా వైపు చూస్తోంది. చెవిలో ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఏం చేయను? మనసుకు తోచింది చెప్పాను. మనవాడి చేత సెంచరీ కొట్టించాను. మధ్యాహ్నం మిఠాయి కూడా పంచారు. సాయంత్రం ఆగయ్య తాత బండి దగ్గర తెలిసింది, ఆ సెంచరీవాడు పొద్దున్నే సున్నాకి ఔటయ్యాడని.

నన్ను తన్నాల్సింది. కానీ ఆగయ్య తాత నా భుజం నిమిరాడు. "పిలగాడు దుఃఖంల ఉన్నడు. గాయన పోయినంక వీనికి ఏం ఇనవడ్తలేదు, పాపం."

ఆయన మామూలుగా అన్న మాట అక్షరాలా నిజం. నేను చాయ్ తాగకుండా వచ్చేశాను.

ఆదివారం పొద్దున డిండోలిలో మార్కండేయ గుడి పక్కనున్న మా సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. పెట్టింది గంగారాం మామ. ఇరవై ఏళ్లుగా భుజంగరావుకు పోస్టు కార్డులు రాసిన మనిషి. ఒక్కదానికి "మీ ఉత్తరం అందినది" అని జవాబొస్తే దాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించుకున్నాడు.

తీరా దండ వేయబోతే ఆయన ఫోటో ఎవరి దగ్గరా లేదు. రేడియోలో విన్న మనిషికి ఫోటో ఎక్కడిది? పేపర్లో అచ్చయిన బొమ్మ కత్తిరించి తెచ్చారు. బట్టతల, సోడాబుడ్డి కళ్లద్దాలు, బక్కపలచని మనిషి.

"గంత గొంతు గీ మనిషిదా?" అంది మా షెడ్డులో పనిచేసే పోశమ్మ, నమ్మబుద్ధి కాక.

చివరికి గంగారాం మామ తన పెద్ద రేడియోను బల్ల మీద పెట్టి దానికే బంతిపూల దండ వేశాడు. దాన్ని చూడగానే ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. మామ మాట్లాడుతుంటే నేను పెదవులు చూస్తూ కూర్చున్నాను. "మనం ఊరు ఇడిసొచ్చి ఎన్నేండ్లాయె. హిందీల, గుజరాతీల మునిగిపోయి బతుకుతున్నం. గా హిందీల నడుమ మన మాట ఒక్కటి ఇనవడితె పానం లేచొచ్చేది. ఇగ ఎవలు చెప్తరు?" అని ఆయన కూడా ఏడ్చేశాడు. తర్వాత అందరినీ లేచి నిలబడమన్నాడు. రెండు నిమిషాలు మౌనం.

కళ్లు మూసుకున్నాను. ఇక నాకు ఏ గొంతూ లేదు అనుకున్నాను. రేపు షెడ్డులో ఏం చెప్పాలి, ఎల్లుండి ఏం చెప్పాలి, ఈ అబద్ధాలు ఎన్నాళ్లు నడుస్తాయి అనుకున్నాను. సంధ్యారాణికి తెలిసే రోజు గురించి కూడా ఆలోచించాను. అన్నీ తలుచుకుని తలుచుకుని కళ్లు తెరిచేసరికి హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. నిలబడి ఉన్నది నేనొక్కణ్నే.

మౌనం ఎప్పుడు అయిపోయిందో ఏమో. కళ్లు మూసుకున్న చెవిటివాడికి ఎవరు చెప్పాలి? గంగారాం మామ పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. పోశమ్మ నా తల నిమిరింది. భుజంగరావును ఇంతగా ప్రేమించినవాడు లేడని హాలంతా నన్ను చూసి కన్నీళ్లు పెట్టుకుంది.

గుమ్మం దగ్గర సంధ్యారాణి ఒక్కతే ఏడవడం లేదు. నా చెవుల వైపు చూస్తోంది.

నేను వెనక దారిన బయటపడి గబగబా నడిచాను. సందు చివరికి వచ్చేసరికి ఆమె ఆయాసపడుతూ నా ముందుకొచ్చి అడ్డం నిలబడింది.

"ఎన్కనుంచి మూడుసార్లు పిలిసిన" అంది. "రెండుసార్లు ఉమాకాంత్ అన్న. మూడోసారి గాడిదీ అన్న. గాడిది గూడ చెవులు తిప్పుతది. నువ్వు తిప్పలే."

నేను పక్క నుంచి తప్పుకుపోబోతే మళ్లీ అడ్డం వచ్చింది.

"నీకు ఇనవడదు గద?"

"ఇనవడతది. జర తక్కువ" అన్నాను. అంత జరిగినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"అందుకనేనా బయట నన్ను జూసి పారిపోయేది? నేనేమో నీకు పొగరనుకున్న!" ఆమె నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "నాకు ఆటతోని పని లేదని చెప్పిన గద. ఇంకెట్ల జెప్పాలె నీకు? వాన పడ్డ దినం గొడుగు కింద అంత జెప్పిన. అంత నీళ్లల్ల పోయిందా?"

"ఏం జెప్పినవ్?"

జవాబు చెప్పేలోపే వాళ్లమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. స్వరాజ్యం అంతా వింది. నా ఎదురుగా నిలబడి, ప్రతి మాటా నాకు అందేలా నోరు బాగా తెరిచి మాట్లాడింది. అలవాటున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది.

"మా ఆయన సోమలింగం చెవులు గూడ సాంచాలే తిన్నయి, పిలగా. పదిహేనేండ్లు మొకంల మొకం పెట్టి మాట్లాడిన. ఇనవడకున్నా ఇన్న అని తలకాయ ఊపెటోడు. నలుగుట్ల చిన్నతనమని. ఒకనాడు పొద్దుగాల్ల పట్టాల మీదికెల్లి పోకు, బండొచ్చే టైమని చెప్పిన. తలకాయ ఊపిండు. ఊపి, గా పట్టాల మీదికెల్లే నడిసిండు."

సంధ్యారాణి "అవ్వా" అని చెయ్యి లాగింది. ఆమె వదల్లేదు.

"గాయన పోయిన దినమే నోటి సైగ బంద్ చేసిన. నా బిడ్డకు గా బతుకు నేనియ్య. నువ్వు మంచోనివే. గని ఇయ్య."

మర్నాటి నుంచి వాళ్లిద్దరూ బమ్రోలికి రాలేదు. తాపీ నది అవతల అమ్రోలిలో పని చూసుకున్నారని పోశమ్మ చెప్పింది. షెడ్డులో అందరికీ ట్రాన్సిస్టర్ ఖరాబైందని చెప్పాను. కండెల మిషన్ దగ్గర వేరే ఎవరో కూర్చున్నారు. రోజంతా పెదవులు కదల్చకుండా పని చేసేవాణ్ని. చూసేవాళ్లు లేనప్పుడు మాట దేనికి? స్వరాజ్యం అత్త అన్నదాంట్లో తప్పు వెతకాలని రాత్రీ పగలూ ప్రయత్నించాను. ఒక్కటీ దొరకలేదు. దొరక్కపోవడమే నన్ను ఎక్కువ ఏడిపించింది.

మూడో ఆదివారం ఉండబట్టలేక అమ్రోలి పోయాను. పిల్లనడగడానికి కాదు. అడిగే ముఖం నాకు లేదు. భుజంగరావు పోయిన రోజు ఆమెను నలుగురిలో అన్నేసి మాటలన్నాను, ఆ తప్పు ఒప్పుకుని వద్దామని పోయాను.

మేడ మీద గది. స్వరాజ్యం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు.

"అత్తా, సంధ్యను ఉత్తగనే తిట్టిన. మాఫీ అడిగి పోత" అన్నాను.

సంధ్యారాణి లోపలి నుంచి వచ్చింది. చిక్కిపోయింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె విని, నా ఎదురుగా నిలబడకుండా నా కుడి పక్కకు వచ్చింది.

"జర తక్కువ ఇనవడతది అన్నవ్ గద" అంది, నేను తల తిప్పి చూస్తుంటే. "అయితే ఇను. గొడుగు కింద జెప్పింది మల్ల జెప్త. మూతి జూడద్దు. నా గొంతు ఇను."

అరచేత్తో నా ముఖం అటు తిప్పేసి, నా చెవికి నోరు ఆనించి ఏదో చెప్పింది.

వెచ్చటి ఊపిరి తగిలింది. ఏదో సన్నగా గుడగుడమంది. అంతే. మాట లేదు. నా ప్రాణమంతా ఆ చెవిలో పెట్టుకుని విన్నాను, మాట రాలేదు.

ఆమె వెనక్కి జరిగి నా ముఖంలోకి ఆశగా చూసింది. నేను తల ఊపితే చాలు. ఊపాలనిపించింది. ఆమె ఏం చెప్పి ఉంటుందో ఊహించడం ఎంతసేపు? సెంచరీలు ఊహించినవాణ్ని.

"ఇనవడలే" అన్నాను.

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పి ఉంటుంది, కింద వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూశారు.

"ఇనవడలే, సంధ్యా." నా గొంతు వణకడం నాకు గొంతులోనే తెలిసింది. "జర తక్కువని అబద్ధం జెప్పిన. నీ గొంతు నాకు ఎన్నడు ఇనవడలే. ఇగ ఇనవడది గూడ. భుజంగరావుతోనే నా చెవు పోయింది."

సంధ్యారాణి గోడకు చేరగిలబడి కిందికి కూర్చుంది. చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏదో అంటోంది, భుజాలు కదులుతున్నాయి. ఆ మాటా నాకు అందలేదు. చేయగలిగిందేమీ లేక మెట్ల వైపు తిరిగాను.

ఎవరో నా చొక్కా పట్టుకుని ఆపారు. స్వరాజ్యం. ఆమె ఒళ్లోని చిక్కుడుకాయలు నేల మీద పడిపోయి ఉన్నాయి. నా గడ్డం పట్టుకుని నా ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

"మా ఆయన ఒక్కనాడన్న ఇనవడలే అని ఉంటే బతికుండెటోడు" అంది.

తర్వాత కళ్లు తుడుచుకుంది. గొంతు లేకుండా, ఒక్కొక్క మాటా విడదీసి, పెదవులతో చెప్పింది.

"నువ్వంటె పానమట. సచ్చేదాక నీతోనే ఉంటదట."

నా గడ్డం వదలకుండానే అడిగింది.

"ఇనవడ్డదా, బిడ్డా?"

"ఇనవడ్డది, అత్తా" అన్నాను.